కావలి స్టూడియోలో మా బిట్రగుంట లోకో షెడ్డు ఫోటోలు: 214 ప్రింట్లు ఇచ్చి చూసిన అనుభవం

పాత ఫోటోలు స్కాన్ చేయించాలి, పాడైనవి బాగు చేయించాలి అనుకునే నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా ఇంట్లోవి, మా ఊరి రైల్వే షెడ్డువి కలిపి 214 ప్రింట్లు, 31 నెగెటివ్‌లు కావలిలో ఒక పాత స్టూడియోకి ఇచ్చాను. 2024 ఆగస్టులో మొదలుపెడితే 2025 సంక్రాంతికి పూర్తయింది. ఈ మధ్యలో ఏడుసార్లు ఆ షాపు మెట్లెక్కాను.

స్టూడియో పేరు రాయొద్దని ఓనరు గారే అడిగారు. పని చేసేది ఆయన ఒక్కరే. వయసు అరవై ఆరు. పదిమంది ఒకేసారి సంచులు మోసుకొస్తే ఎవరి పనీ సరిగ్గా చేయలేనన్నారు. కావలి ట్రంకు రోడ్డు మీద ఫోటో ఫ్రేములు కట్టే షాపుల్లో "పాత ఫోటోలు బాగు చేసే పెద్దాయన" అని అడిగితే సందు చూపిస్తారు. నాకూ అట్లాగే దొరికారు.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. లేకపోతే ఈ ఫోటోల కోసం ఇన్నిసార్లు ఎందుకు తిరిగానో అర్థం కాదు. మాది బిట్రగుంట. విజయవాడ నుంచి మద్రాసు దాకా లైను 1899లో పూర్తయింది. స్టీము ఇంజను అంత దూరం ఒక్క ఊపున పోలేదు. మధ్యలో నీళ్లు పట్టాలి, బొగ్గు ఎత్తాలి, బూడిద దించాలి, డ్రైవర్లు, ఫైర్‌మ్యాన్లు మారాలి. నెల్లూరుకీ కావలికీ మధ్యలో ఉన్న మా ఊరు అట్లా రైల్వే ఊరయింది. గుండ్రంగా కట్టిన షెడ్డు, ఇంజన్ను అటునుంచి ఇటు తిప్పే టర్న్ టేబులు, పెద్ద యార్డు, వరసగా క్వార్టర్లు. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు కూడా చాలా ఉండేవి. క్రిస్మస్ వస్తే పక్క క్వార్టరు ఆంటీ పంపే కేకు కోసం మేము గుమ్మంలోనే కూర్చునేవాళ్లం. రాత్రి ఒంటిగంటకైనా రెండింటికైనా, డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ సైకిలు మీద వచ్చి తలుపు కొట్టేవాడు. నాన్న లేచి వెళ్లేవారు. అమ్మ దీపం పట్టుకుని వీధి దాకా వెళ్లేది.

నాన్న 1952లో షెడ్డులో క్లీనరుగా చేరారు. తర్వాత ఫైర్‌మ్యాన్, షంటర్, డ్రైవర్. 1980 నాటికి ఈ లైనంతా కరెంటుకు మారిపోయింది. నాన్న ట్రైనింగయి కరెంటు ఇంజను ఎక్కారు, 1991లో రిటైరయ్యారు. కానీ ఊరు ఆ మార్పును తట్టుకోలేకపోయింది. బొగ్గు ఎత్తే పనీ లేదు, బాయిలరు కడిగే పనీ లేదు. కుటుంబాలు విజయవాడకు, మద్రాసుకు, కొన్ని ఆస్ట్రేలియా దాకా వెళ్లిపోయాయి. మా వీధిలో మేము ఆడుకున్న క్వార్టర్ల గోడల్లోంచి ఇప్పుడు రావి మొక్కలు లేచాయి. 1921లో గాంధీగారు పల్లిపాడు ఆశ్రమానికి వచ్చిన సంగతి పుస్తకాల్లో ఉంది, పిల్లలకు పాఠం కూడా చెప్పాను. నేను టీచరుగా చేసి రిటైరయినదాన్ని. మా షెడ్డులో మూడు షిఫ్టులు పనిచేసిన వందల మంది మొహాలు ఏ పుస్తకంలో ఉంటాయి? అవి ఉన్నది ఇళ్లల్లో ట్రంకు పెట్టెల అడుగునే.

మా ట్రంకు పెట్టె పడుగుపాడులో అన్నయ్య ఇంట్లో ఉండేది. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది, గుర్తుండే ఉంటుంది. అన్నయ్య వాళ్ల మంచం కింద ఉన్న పెట్టెలోకి కూడా నీళ్లు పోయాయి. నాలుగో రోజు నేను వెళ్లేసరికి వదిన ఆల్బమ్‌లు విప్పి డాబా మీద ఎండలో ఆరబెట్టింది. ఆమె తప్పేమీ లేదు, నేనున్నా అదే చేసేదాన్ని. బట్టలు తడిస్తే ఎండలో వేస్తాం, ఫోటోలూ అంతే అనుకున్నాం. ఎండకు అవి అప్పడాల్లా వంకర తిరిగాయి. ఒకదాని మీద ఒకటి ఉన్నవి అట్టలా అతుక్కుపోయాయి.

తర్వాత దాదాపు మూడేళ్లు ఆ సంచిని తాకలేదు. చూస్తే ఏడుపొచ్చేది. మధ్యలో మా అబ్బాయి ఫోనులో ఒక యాప్‌తో ఒక్క ఫోటో బాగు చేసి చూపించాడు. నాన్న ఇంకో ఇద్దరితో కలిసి డబ్ల్యూపీ ఇంజను ముందు నిలబడి ఉన్న ఫోటో అది. డబ్ల్యూపీ అంటే ముందుభాగం బుల్లెట్‌లా గుండ్రంగా ఉండి, ముక్కు మీద నక్షత్రంలా పెద్ద చుక్క ఉండే పాసింజరు బండ్ల ఇంజను. యాప్ చేసిన ఫోటో తళతళా మెరుస్తోంది. దగ్గరగా చూస్తే చుక్క స్థానంలో ఏదో దీపం లాంటిది వచ్చింది. ఇంజను నంబరు ఉన్న చోట ఏ భాషకూ చెందని గీతలు. నాన్న మొహం నున్నగా, పళ్లు తెల్లగా ఉంది. నాన్నకు కొలిమి వేడికి ఎడమ బుగ్గ మీద చర్మం ముడత పడి ఉండేది. అది పోయింది. ఆయన కాదు ఆ మనిషి. ఇది మంచిగా ఉంది కదమ్మా అని మా అబ్బాయి ప్రేమగానే అడిగాడు. నాకు మాత్రం నాన్నను ఇంట్లోంచి పంపేసి ఇంకెవర్నో కూర్చోబెట్టినట్టు అనిపించింది.

అందుకే ఈ స్టూడియో గురించి ఇంత రాస్తున్నాను. నేను మొదటిసారి వెళ్లి సంచి బల్ల మీద పెట్టి, ఒక ఫోటో మీద బురద చీరకొంగుతో తుడవబోతే, ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"తుడవబాకమ్మా. బురదలో ఇసక ఉంటుంది, గీతలు పడతాయి. ముందు ఉన్నదున్నట్టు తీసేస్తా."

తర్వాత ప్రతి ఫోటోనూ తిప్పి వెనక్కి చూశారు. "వెనకాల ఏమన్నా రాసుండారా? స్టాంపు ఉండాదా?" అని అడిగారు. ఫోటో వెనక చూసేవాళ్లను నేను అంతకుముందు చూడలేదు. ఆయన లెక్క ప్రకారం ప్రతి ప్రింటుకూ రెండు స్కాన్‌లు, ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. వెనక ఏమీ లేకపోతే వదిలేస్తారు. పెన్సిలు గీత ఒక్కటి ఉన్నా తీస్తారు. వెనకవైపు స్కాన్‌కు డబ్బులు తీసుకోరు.

పని ఎట్లా చేస్తారో కొంచెం వివరంగా చెబుతాను. మామూలు ప్రింట్లు ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద 600 డీపీఐలో (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క), పాస్‌పోర్టు సైజువి 1200లో, నెగెటివ్‌లు 2400 పైన తీస్తారు. నలుపు తెలుపు ఫోటోనైనా రంగుల్లోనే స్కాన్ చేస్తారు. ఎందుకని అడిగాను. మరక పసుపో, గోధుమ రంగో ఉంటుంది కదా, రంగుల్లో తీస్తే మరకను బొమ్మ నుంచి విడదీయడం సులువట. ఫైలు నాణ్యత తగ్గని టిఫ్ రకంలో ఇస్తారు. పోస్టుకార్డు సైజు ఫోటో, అంటే 6 ఇంటు 4 అంగుళాలది, 600లో తీస్తే దాదాపు 26 ఎంబీ వస్తుంది. చూసుకోవడానికి, పంపుకోవడానికి చిన్న జేపెగ్ కాపీ వేరే ఇస్తారు. నెగెటివ్‌లు మా మేనమామ క్లిక్ త్రీ కెమెరావి. 120 ఫిల్ము రోలుకు పన్నెండు బొమ్మలొచ్చే చదరపు నెగెటివ్‌లు. వాటిని చిన్నప్పుడు కావలిలోనే కడిగించేవాళ్లం. ప్రింట్లు ఎక్కడ పోయాయో తెలియని పెళ్లిళ్లు, కొండబిట్రగుంట తిరునాళ్లు ఆ నెగెటివ్‌లలోంచి బయటపడ్డాయి. ప్రింటు కంటే నెగెటివ్‌లోనే ఎక్కువ వివరం ఉంటుందని, పారేయొద్దని ఆయన ప్రతివాళ్లకూ చెబుతుంటారు. మీ ఇంట్లో ప్లాస్టిక్ కవర్లలో నెగెటివ్ ముక్కలుంటే దయచేసి వెతకండి.

అమ్మానాన్నల పెళ్లి ఫోటో ఫ్రేములో ఉండేది, చెమ్మకు అద్దానికి అంటుకుపోయింది. ఇంకో షాపులో అద్దం పగలగొట్టి తీద్దామన్నారు. ఈయన ఫ్రేము మాత్రమే విప్పి, అద్దంతో సహా ఫోటోను స్టాండు కింద పెట్టి, రెండు పక్కలా ఏటవాలుగా లైట్లు పెట్టి, కెమెరాకు మెరుపు తగ్గించే ఫిల్టరు తగిలించి తీశారు. అద్దం మీద లైటు పడ్డ జాడ కూడా లేదు. అద్దానికి అంటుకున్నదాన్ని లాగితే ఫోటో పైపొర అద్దానికే ఉండిపోతుందట. ఆ అద్దం, ఆ ఫోటో ఇప్పుడు అట్లాగే మా బీరువాలో ఉన్నాయి.

అతుక్కుపోయిన అట్ట మాటేమిటంటే, అందులో మొత్తం పదిహేడు ఫోటోలు. అన్నీ నలుపు తెలుపువే. ముందు పైకి కనబడే రెండు వైపులా స్కాన్ తీశారు. ఒకవేళ నీళ్లలో పాడైతే అదైనా మిగులుతుందని. నా చేత ఒక కాగితం మీద, కొన్ని పోవచ్చని తెలుసని రాయించుకున్నారు. అది నాకు నచ్చింది. తర్వాత ప్లాస్టిక్ ట్రేలో శుభ్రమైన చల్లటి నీళ్లు పోసి అట్టను ముంచారు. ఇట్లాంటి ఫోటోల పైపొర జెలటిన్. నీళ్లు తాగి మెత్తబడితే దానంతటదే వదులవుతుంది. గోరు పెట్టకూడదు, కత్తి పెట్టకూడదు. నీళ్లు మార్చుకుంటూ సాయంత్రం దాకా కూర్చున్నాం. మొదటి ఫోటో పైకి తేలినప్పుడు మా అమ్మ కనబడింది, పొయ్యి ముందు కూర్చుని, తల తిప్పి నవ్వుతూ. అమ్మ నవ్వుతున్న ఫోటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదనుకున్నాను. పన్నెండు విడివడ్డాయి. ఐదు పోయాయి. వాటిలో రెండింటి మీద పొర మరకలా కరిగిపోయింది, మూడు చిరిగాయి. ఆరబెట్టింది నీడలో, దోమతెర గుడ్డ మీద, బొమ్మ పైకి ఉండేట్టు.

ఆ రోజు ఆయన చెప్పిన ఒక మాట వరద ప్రాంతాల వాళ్లందరికీ తెలియాలి. తడిసిన ఫోటోలను ఎండలో పెట్టకూడదు. విడివిడిగా తీసి, మంచినీళ్లలో ఒకసారి జాడించి, నీడలో ఆరబెట్టాలి. ఆ టైములో అంత ఓపిక ఉండదు, ఇల్లే మునిగి ఉంటుంది. అట్లాంటప్పుడు తడి తడిగానే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫ్రీజరులో పెట్టేయాలి. తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. తడి ఆరి అతుక్కుంటేనే కష్టం.

ఇక నేను ఏడుసార్లు తిరగడానికి అసలు కారణమైన ఫోటో దగ్గరికి వస్తాను. షెడ్డులో పద్నాలుగు మంది వరసగా ఉన్న గ్రూపు ఫోటో. వెనక ఇంజను. మధ్యలో దండలు వేసుకుని కూర్చున్న ఒక పెద్దాయన. నిలబడ్డవాళ్లలో చివర నాన్న. తేదీ తెలియదు, నాన్న తప్ప ఎవరూ తెలియదు. నాన్న 2009లో పోయారు. బతికుండగా అడగాలని నాకు తట్టలేదు, ఆ బాధ నాకు ఎప్పటికీ ఉంటుంది. ఫోటో వెనక ఊదా రంగు స్టాంపు అలికిపోయి ఉంది, పక్కన పెన్సిలుతో ఒక నంబరు. ఓనరు గారు ఆ స్టాంపును భూతద్దంతో చూసి, ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లి, బైండు ఊడిపోయిన ఒక పొడుగు పుస్తకం తెచ్చారు. ఆ స్టాంపు వాళ్ల నాన్నగారి స్టూడియోదే. అప్పట్లో తీసిన ప్రతి నెగెటివ్‌కూ ఒక నంబరు వేసి రిజిస్టరులో రాసేవాళ్లు, మళ్లీ ఎవరైనా కాపీలు అడిగితే తీసివ్వడానికి. పెన్సిలు నంబరు ఆ రిజిస్టరులో దొరికింది. 1968 ఫిబ్రవరి. "బిట్రగుంట లోకో, ఫోర్‌మన్ గారి వీడ్కోలు, గ్రూపు, 15 కాపీలు" అని గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఉంది. ఆ లైను మీద వేలు పెట్టి మేమిద్దరం చాలాసేపు అట్లాగే కూర్చున్నాం.

"నెగిటివ్ ఉండాదా అన్నయ్యా?" అని ఓనరు గారిని అడిగాను. లేదన్నారు. తొంభైల్లో షాపు నడవక, పాత ఫిల్ములన్నీ కిలోల లెక్కన వెండి తీసేవాళ్లకు అమ్మేశారట. ఫిల్ములో వెండి ఉంటుంది, దాన్ని కరిగించి తీసేవాళ్లు ఊరూరా తిరిగి కొనేవాళ్లు. ఎంతో మంది స్టూడియోల వాళ్లు అట్లాగే ఇచ్చేశారు. "మా నాయన తీసిన కావలంతా తూకానికేసి ఇచ్చేసినానమ్మా" అన్నారు. రిజిస్టర్లకు పాత కాగితాల ధరే వస్తుందని ఆగిపోయాయి. ఇప్పుడు మూడు రిజిస్టర్లున్నాయి. ఎవరైనా ఆ స్టాంపున్న ఫోటో తెస్తే నంబరు చూసి తేదీ చెబుతారు. దీనికీ డబ్బులు తీసుకోరు.

ఫోటో బాగు చేయమని నేను తొందరపెడితే ఆయన ఒప్పుకోలేదు. ముందు ఉన్నదున్నట్టు పెద్ద ప్రింటు తీసి ఇచ్చారు, పన్నెండు ఇంటు పదిహేను. దాని మీద ట్రేసింగు కాగితం అంటించి, పద్నాలుగు తలల చుట్టూ గీతలు గీసి, ఒకటి నుంచి పద్నాలుగు దాకా నంబర్లు వేసి ఇచ్చారు. "తెలిసినోళ్లు ఉండారేమో అడిగి రా. ఆ తర్వాతే చేస్తా. మరక అనుకుని నేను ఒకరి మచ్చ చెరిపేసినాననుకో, గుర్తుపట్టేవాళ్లు కూడా గుర్తుపట్టలేరు."

బిట్రగుంటలో నాన్నతో పనిచేసిన డ్రైవరు పెదనాన్న ఒకరుండేవారు. ఎనభై తొమ్మిదేళ్లు. చూపు బాగా తగ్గింది. పెద్ద ప్రింటు చేతికిస్తే మొహాల జోలికి పోకుండా ముందు ఇంజనును తడిమారు. 1200లో మళ్లీ స్కాన్ తీసి ఆ భాగం పెద్దది చేయించాను కాబట్టి ముందు అడ్డదూలం మీద నంబరు కనబడుతోంది, 7తో మొదలయ్యే నాలుగంకెలు. నేను చదివి వినిపించగానే "మన షెడ్డు బండే, ఆవిరి బాగా పట్టేది" అన్నారు. అక్కడినుంచి ఒక్కొక్కరూ వచ్చారు. మూడో నంబరు బాయిలరు మేకరు. ఆరో నంబరు హార్మోనియం వాయించేవాడు, నాటకాలకు వాయించేవాడు. తొమ్మిదో నంబరు మా పక్క క్వార్టరు ఆంటీ వాళ్లాయన, కేకు పంపిన ఆంటీ. ఆయన నిలబడ్డ తీరు చూసి చెప్పారు పెదనాన్న, కుడి కాలు కొంచెం ఎత్తిపెట్టి నిలబడేవాడట. పదకొండో నంబరు దగ్గర ఆగి కళ్లు తుడుచుకున్నారు. యార్డులో బండి కింద పడి పోయిన కుర్ర ఫైర్‌మ్యాన్. పెళ్లయి ఏడాది కాలేదు.

ఆ సాయంత్రం తొమ్మిది పేర్లు దొరికాయి. పెదనాన్న చెబుతున్నంతసేపూ ఫోనులో రికార్డు చేశాను. తర్వాత కాల్ బాయ్‌గా చేసి రిటైరయిన ఇంకో ఆయన మూడు పేర్లు చెప్పారు. అర్ధరాత్రి ఎవరి తలుపు ఎన్నోదో ఆయనకు ఇప్పటికీ కంఠతా వచ్చు. మొహం చూసి ముందు క్వార్టరు నంబరు చెప్పి, తర్వాత పేరు చెప్పేవారు. నాన్నతో కలిపి పదమూడు. పద్నాలుగో మనిషి, వెనక వరసలో సగం మొహం కనబడే కుర్రాడు, ఇంకా తెలియలేదు. పెదనాన్న గత డిసెంబరులో పోయారు. నేను ఆ ఆగస్టులో కాకుండా ఈ ఆగస్టులో వెళ్లి ఉంటే తొమ్మిది పేర్లు ఆయనతో పాటే వెళ్లిపోయేవి.

బాగు చేయడం గురించి. కంప్యూటరులో చేతితోనే, మౌసు బదులు పెన్నుతో చేస్తారు. గీతలు, బూజు చుక్కలు, చిరుగులు సరిచేస్తారు. నల్లటి చోట్ల వెండి పూతలా నీలంగా మెరిసే జబ్బు మా ఫోటోల్లో చాలావాటికి ఉంది. కాగితంలోని వెండి ఏళ్ల మీద పైకి వచ్చేస్తే అట్లా అవుతుందట, దాన్ని స్కాన్‌లో తగ్గించారు. మొహంలో భాగం పూర్తిగా పోతే మాత్రం ఊహించి గీయరు. గ్రూపు ఫోటోలో ఒకరి గడ్డం దగ్గర పొర లేచిపోయింది. అక్కడ పక్క రంగుతో మెత్తగా కలిపేసి వదిలేశారు. మొదట నాకు అసంతృప్తిగా అనిపించింది. యాప్ నాన్నకు చేసింది గుర్తొచ్చాక ఇదే సరైనదని ఒప్పుకున్నాను. రంగులు వేయమంటే వేస్తారు, కానీ అది వేరే ఫైలుగా ఇచ్చి, పేరులోనే "రంగు వేసింది" అని రాస్తారు. అమ్మ పెళ్లి చీర ఏ రంగో చెప్పగలిగితేనే వేస్తానన్నారు. మా పిన్నికి ఫోను చేశాను, ముదురు వంగపండు రంగుకు ఆవపువ్వు అంచు అంది. అదే వేశారు. 1980ల నాటి కలర్ ఫోటోలు ఎర్రబడిపోయి ఉంటాయి కదా, వాటిని సరిచేయడంలో ఆయన చెయ్యి చాలా బాగుంది. మా చెల్లెలి ఓణీల ఫంక్షను ఫోటోలో అరటిచెట్లు మళ్లీ పచ్చగా అయ్యాయి.

ఇబ్బందులు కూడా రాయాలి. మొదటిది ఆలస్యం. పది రోజులన్న మొదటి కట్ట ఐదు వారాలకు ఇచ్చారు. ఫోను ఎత్తరు. రెండుసార్లు నెల్లూరు నుంచి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. అందులో ఒకసారి షాపు మూసి ఉంది, బయట బోర్డు కూడా లేదు. ఆ ఎండలో చాలా కోపం వచ్చింది. రెండోది రసీదు. అడిగితే తప్ప ఇవ్వరు. అపురూపమైన వస్తువులు చేతిలో పెట్టేటప్పుడు ఎన్ని ఇచ్చామో కాగితం మీద ఉండాలి. మూడోది, మా ఫోటోలు రెండు వేరేవాళ్ల కవర్లో కలిసిపోయాయి. వాళ్లు తిరిగిచ్చేదాకా, తొమ్మిది రోజులు, నాకు నిద్ర లేదు. ఆయన క్షమాపణ చెప్పారు, ఆ తర్వాత ప్రతి కవరు మీదా లెక్క రాస్తున్నారు. కానీ అది మొదటినుంచీ ఉండాల్సిన పద్ధతి. మీరు వెళితే ఇచ్చే ముందు ప్రతి ఫోటోనూ ఫోనులో తీసుకుని, ఎన్నో లెక్క రాసి, సంతకం పెట్టించుకోండి. ప్రింట్లు కూడా అన్నీ ఒకే నాణ్యతలో రాలేదు. పెద్దవి బయట వేయిస్తారు, ఒకదానిలో నలుపు ఆకుపచ్చగా తిరిగితే మళ్లీ వేయించి ఇచ్చారు.

ధరలు నాకు పడినవి ఇవి: ప్రింటు స్కాన్ ఇరవై రూపాయలు, నెగెటివ్ నలభై. బాగు చేయడం పాడైన తీరును బట్టి మూడు వందల నుంచి పన్నెండు వందల దాకా. గ్రూపు ఫోటోకు పన్నెండు వందలు అయింది. అట్ట విడదీసినందుకు ఒక రోజంతా కూర్చుని ఎనిమిది వందలే తీసుకున్నారు. 214లో బాగు చేయించింది పంతొమ్మిదే. అన్నీ చేయించక్కర్లేదని ఆయనే చెప్పారు. స్కాన్ మాత్రం అన్నీ చేయించండి, బాగు ఎప్పుడైనా చేసుకోవచ్చు. మొత్తం ఖర్చు పెద్ద ప్రింట్లతో కలిపి పదహారు వేలు దాటింది. అన్నయ్య, నేను, చెల్లెలు పంచుకున్నాం.

ఫైళ్లు పెన్‌డ్రైవులో ఇస్తారు. మేము మూడు చోట్ల పెట్టాం: మా ఇంట్లో హార్డ్ డిస్కు ఒకటి, హైదరాబాదులో మా అబ్బాయి దగ్గర ఒకటి, ఇంటర్నెట్‌లో ఒకటి. ఒకే పెట్టెలో అన్నీ ఉంచితే ఏమవుతుందో పెన్న మాకు చూపించింది. చుట్టాలకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా పంపకండి, నాణ్యత తగ్గించేస్తుంది. డాక్యుమెంటుగా పంపండి. ఒరిజినళ్లను గమ్ముండే ప్లాస్టిక్ ఆల్బమ్‌లలోంచి తీసేయమన్నారు. ఆ గమ్మే ఫోటోలను తినేస్తుందట. పాతకాలం నల్లకాగితం, మూలలకు కార్నర్లు పెట్టే ఆల్బమ్‌లే నయం. వెనక పేర్లు రాయాలంటే బాల్ పెన్ను వాడొద్దు, నొక్కు ముందువైపుకు కనబడుతుంది. మెత్తటి పెన్సిలుతో, గట్టి బల్ల మీద పెట్టి, అంచున రాయాలి.

గ్రూపు ఫోటో పెద్ద ప్రింటు కింద పదమూడు పేర్లు, పద్నాలుగో దగ్గర ఖాళీ గీత పెట్టించి బిట్రగుంటలో మా పాత వీధి చివర టీ కొట్టులో తగిలించాను. కొట్టతను సంతోషంగా ఒప్పుకున్నాడు, రోజూ దుమ్ము తుడుస్తున్నాడట. దాన్ని చూసి ఇప్పటికి నాలుగు కుటుంబాల వాళ్లు తమ పెట్టెల్లో ఉన్నవి తెచ్చి నాకు చూపించారు. అందులో ఒకటి చర్చి ముందు క్రిస్మస్ నాడు తీసింది, ఇరవై మందికి పైగా ఉన్నారు, వెనక అదే ఊదా స్టాంపు, పక్కన నంబరు. దాన్ని వచ్చే మంగళవారం కావలి తీసుకెళుతున్నాను. మీలో ఎవరి అమ్మానాన్నలైనా బిట్రగుంట క్వార్టర్లలో ఉండి ఉంటే, ఆ టీ కొట్టుకు వెళ్లి వెనక వరసలో కుడి నుంచి రెండో కుర్రాడిని ఒకసారి చూడండి.

షాపు ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా. ఆదివారం ఉండదు. ఫోను ఎత్తకపోతే పక్కన కుట్టుమిషను షాపులో అడిగితే ఉన్నారో లేదో చెబుతారు.